స్టూడెంట్ స్ట్రెస్: క్లాస్‌రూమ్‌లో ఐదు నిమిషాల యోగా, మైండ్‌ఫుల్‌నెస్.. నిజంగా పనిచేస్తుందా? ఎలా చేయిస్తే ఉపయోగం?

ఎగ్జామ్ హాల్. క్వశ్చన్ పేపర్ చేతికొచ్చింది. నిన్న రాత్రి రెండుసార్లు చూసుకున్న ప్రశ్నే కళ్ల ముందుంది. కానీ ఒక్క ముక్క గుర్తుకు రావడం లేదు. అరచేతుల్లో చెమట.. గుండె దడదడ.. పక్క బెంచీ వాడు అప్పుడే అడిషనల్ షీట్ అడుగుతున్నాడు. ఇంటర్ చదివిన ప్రతి ఒక్కరికీ ఈ సీన్ ఏదో ఒక రోజు ఎదురయ్యే ఉంటుంది.

ఇలాంటి టైమ్‌లో "టెన్షన్ పడకు" అని చెప్పడం చాలా ఈజీ. టెన్షన్ పడకుండా ఉండటం ఎలాగో మాత్రం మన క్లాసుల్లో ఎవరూ నేర్పరు. ఫిజిక్స్‌కి లెక్చరర్ ఉన్నాడు, మ్యాథ్స్‌కి ఇద్దరున్నారు. బెదిరిన మనసును దారిలోకి తెచ్చుకోవడం ఎలాగో చెప్పే పీరియడ్ టైమ్‌టేబుల్‌లో లేదు. అందుకే ఈ మధ్య స్కూళ్లలో, కాలేజీల్లో యోగా, మైండ్‌ఫుల్‌నెస్ అనే మాటలు ఎక్కువగా వినిపిస్తున్నాయి. ఇది నిజంగా పనిచేస్తుందా? లేక బ్రోచర్‌లో వేసుకోవడానికి ఇంకో ఫొటోనా? వివరంగా చూద్దాం.

సమస్య ఎంత పెద్దది?

జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అంతకు ముందు ఏడాది, అంటే 2021లో ఆ సంఖ్య 13,089. సగటున రోజుకు 35 మంది. అందరి కారణమూ చదువే అని చెప్పలేం. ఇంట్లో గొడవలు, ఆరోగ్యం, ప్రేమ వ్యవహారాలు.. చాలా ఉంటాయి. కానీ చదువు ఒత్తిడి ఎలా ఉంటుందో తెలుగు రాష్ట్రాల వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం గుర్తుందా? ఆ కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని వార్తలొచ్చాయి. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాసి గట్టెక్కే పరీక్ష కోసం!

ఇవన్నీ వార్తల్లోకి వచ్చినవి. వార్తల్లోకి రానివి ఇంకా ఎక్కువ. రాత్రి పడుకుంటే నిద్ర పట్టని వాళ్లు, వీకెండ్ టెస్ట్ అనగానే కడుపులో తిప్పే వాళ్లు, ఇంటి నుంచి ఫోన్ వస్తే "మార్కులెన్ని" అని అడుగుతారేమో అని భయపడే వాళ్లు.. వీళ్లెవరూ ఏ లెక్కలోకీ రారు.

టెన్షన్ వస్తే చదివింది ఎందుకు మర్చిపోతాం?

ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతాదంతా సులభం. ఎదురుగా కుక్క మొరుగుతూ మీదికొస్తే శరీరం ఏం చేస్తుంది? పరిగెత్తడానికో, తిరగబడటానికో రెడీ అవుతుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది. కాసేపటికి కార్టిసాల్ అనే హార్మోన్ తోడవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, రక్తం కాళ్లూ చేతుల కండరాలకు ఎక్కువగా వెళ్తుంది. ప్రాణం కాపాడుకోవడానికి ఇది అద్భుతమైన ఏర్పాటు.

చిక్కు ఎక్కడంటే.. మన శరీరానికి కుక్కకీ కెమిస్ట్రీ పేపర్‌కీ పెద్ద తేడా తెలియదు. మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే చిన్న భాగం అలారం కొట్టేస్తుంది. ఆలోచించడం, గుర్తు తెచ్చుకోవడం, ఒక పద్ధతిలో రాయడం.. ఇవన్నీ చూసుకునేది నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్. అలారం మోగుతున్నంత సేపు దాని మాట చెల్లదు. చదివింది ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది. దాన్ని బయటికి తీసే దారి కాసేపు మూసుకుపోయిందంతే. హాల్ బయటికి రాగానే ఆన్సర్ మొత్తం గుర్తుకొచ్చేది అందుకే.

మరి ఆ అలారాన్ని ఆపేదెలా? గుండెను "నెమ్మదించు" అని ఆజ్ఞాపిస్తే వినదు. కడుపు కూడా మన మాట వినదు. ఈ వ్యవస్థలో మన చేతిలో ఉన్న ఒకే ఒక్క తాడు ఊపిరి. అది దానంతట అదే నడుస్తుంది, కావాలనుకుంటే మనమూ నడపొచ్చు.

ఇది నమ్మకం కాదు, ఇప్పుడే చెక్ చేసుకోవచ్చు. బొటనవేలి కింద మణికట్టు దగ్గర రెండు వేళ్లు పెట్టి నాడి పట్టుకోండి. నెమ్మదిగా గాలి పీల్చండి.. నాడి కొంచెం వేగంగా కొట్టుకుంటుంది. మెల్లగా వదలండి.. నాడి కాస్త నెమ్మదిస్తుంది. చిన్న వయసు వాళ్లలో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మెదడు నుంచి గుండెకు, ఊపిరితిత్తులకు, పొట్టకు వెళ్లే వేగస్ అనే నాడి ద్వారా ఇది జరుగుతుంది. ఊపిరి వదిలే టైమ్ ఎక్కువైతే శరీరానికి "ప్రమాదం తప్పింది" అనే సందేశం వెళ్తుంది. ప్రాణాయామంలో రేచకానికి, అంటే గాలి వదలడానికి, అంత ప్రాధాన్యం ఇవ్వడం వెనక ఉన్న లాజిక్ ఇదే.

మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఏంటి?

పేరు వినగానే ఏదో ఫారిన్ సరుకు అనిపిస్తుంది. తెలుగులో దీనికి చక్కని మాట ఉంది.. ఎరుక. ఇప్పుడు, ఇక్కడ, ఏం జరుగుతోందో గమనిస్తూ ఉండటం. అన్నం తింటున్నప్పుడు అన్నం మీద, నడుస్తున్నప్పుడు నడక మీద ధ్యాస ఉండటం. మనసు ఎటో వెళ్లిపోతే, "అరే వెళ్లిపోయింది" అని గుర్తించి, తిట్టుకోకుండా వెనక్కి తెచ్చుకోవడం.

దీని మూలాలు బౌద్ధంలో ఉన్నాయి. అమెరికాలో జాన్ కబాట్ జిన్ అనే శాస్త్రవేత్త 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్‌లో దీర్ఘకాలిక నొప్పితో బాధపడే పేషెంట్ల కోసం ఒక కోర్సు మొదలుపెట్టారు. మత సంబంధమైన విషయాలు పక్కన పెట్టి, సాధన మాత్రమే తీసుకున్నారు. అక్కడి నుంచి ఆస్పత్రులకు, ఆఫీసులకు, ఆ తర్వాత స్కూళ్లకు పాకింది. మన దగ్గర ఎస్.ఎన్. గోయంకా విపశ్యన కేంద్రాల్లో పిల్లలకు నేర్పే ఆనాపాన కూడా దాదాపు ఇదే పని. ముక్కు దగ్గర గాలి వచ్చేది, పోయేది గమనించడం.

చాలామంది ఇక్కడ ఒక పొరపాటు పడతారు. ధ్యానం అంటే ఆలోచనలు ఆపేయడం అనుకుంటారు. రెండు నిమిషాలు కళ్లు మూసుకుని, ఆలోచనలు ఆగలేదు కాబట్టి "ఇది నా వల్ల కాదు" అని వదిలేస్తారు. ఆలోచనలు ఆగవు. పదిసార్లు మనసు పారిపోతే పదిసార్లు వెనక్కి తేవడమే ఎక్సర్‌సైజ్. జిమ్‌లో డంబెల్ పైకీ కిందికీ లేపినట్టు. పారిపోవడం ఫెయిల్ అవ్వడం కాదు. ఈ ఒక్క మాట పిల్లలకు మొదటి రోజే చెబితే సగం మంది మానేయరు.

క్లాస్‌లో ఎలా ఉంటుంది?

యోగా అనగానే మ్యాట్లు, ట్రాక్ ప్యాంట్లు, పెద్ద గ్రౌండ్ గుర్తొస్తాయి. అరవై మంది కూర్చునే సెక్షన్‌లో అదంతా కుదరదు, అవసరం కూడా లేదు. బెంచీ మీద కూర్చునే చేయించగలిగింది చాలా ఉంది.

మొదటి పీరియడ్ మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు అనుకుందాం. ముందు ఒంటిని కదిలించాలి. గంటల తరబడి వంగి రాసే పిల్లలకు మెడ, భుజాలు, నడుము పట్టేసి ఉంటాయి. లేచి నిలబడి చేతులు పైకెత్తి మడమలు లేపే తాడాసనం, భుజాలు ముందుకూ వెనక్కూ తిప్పడం, కూర్చుని బెంచీ అంచు పట్టుకుని నడుము పక్కకు తిప్పడం.. రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఒళ్లు కదలకుండా నేరుగా "కళ్లు మూసుకోండి" అంటే వెనక బెంచీలో నవ్వులు మొదలవుతాయి. పిల్లల తప్పు కాదు అది, ఆర్డర్ తప్పు.

తర్వాత శ్వాస. ముక్కుతో నాలుగు లెక్కపెట్టే దాకా గాలి పీల్చాలి. ఆరు లెక్కపెట్టే దాకా వదలాలి. ఒక్కో శ్వాసకు పది సెకన్లు. అంటే నిమిషానికి ఆరు. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటాం. ఆరుకు దిగితేనే తేడా తెలుస్తుంది. మధ్యలో ఊపిరి బిగబట్టాల్సిన పని లేదు. రెండు నిమిషాలు చాలు.. 12 శ్వాసలు.

చివరి నిమిషం చుట్టూ వినిపించే శబ్దాలు వినడం. ఫ్యాన్ చప్పుడు, రోడ్డు మీద ఆర్టీసీ బస్సు హారన్, పక్క క్లాస్‌లో సార్ గొంతు. ఏదీ మంచి శబ్దం, చెడ్డ శబ్దం అనుకోకుండా వినడమే. నిశ్శబ్దంగా ఉండే గది దొరికితేనే ధ్యానం అనుకుంటే మన కాలేజీల్లో ఈ జన్మకు కుదరదు కాబట్టి, ఉన్న గోలనే వాడుకోవాలన్నమాట.

చిన్న క్లాసుల పిల్లలకైతే తుమ్మెదలా "మ్‌మ్‌" అని శబ్దం చేసే భ్రామరి బాగా నచ్చుతుంది. శబ్దం చేస్తూ గాలి వదిలితే వదిలే టైమ్ దానంతట అదే పెరుగుతుంది. లెక్కలు పెట్టాల్సిన పని లేదు. మూడో తరగతి పిల్లాడికి వేగస్ నాడి గురించి చెప్పక్కర్లేదు, "తుమ్మెదలా చెయ్యి రా" అంటే చాలు.

పరీక్ష రోజున వాడుకోవడానికి ఇంకో చిన్న పద్ధతి ఉంది. మైండ్ బ్లాంక్ అయిందనిపిస్తే పెన్ కింద పెట్టేయండి. రెండు పాదాలూ నేలకు ఆనించి, నేల తగలడం గమనించండి. కనిపించే ఐదు వస్తువుల పేర్లు లోపలే అనుకోండి.. గడియారం, కిటికీ, ప్యాడ్, వాటర్ బాటిల్, ఇన్విజిలేటర్ కళ్లజోడు. ఆ తర్వాత పొడవుగా ఆరు శ్వాసలు. మొత్తం నిమిషంన్నర లోపే. మూడు గంటల పేపర్‌లో నిమిషంన్నర పోతే ఏమీ కాదు. బ్లాంక్‌గా పేపర్ వైపు చూస్తూ కూర్చుంటే పావుగంట పోతుంది. అయితే ఇది ఆ రోజే మొదటిసారి ట్రై చేస్తే పనిచేయదు. ముందు నెలల్లో రోజూ చేసి అలవాటైతేనే హాల్‌లో చేతికందుతుంది.

ఎక్కడైనా చేసి చూశారా? ఫలితం ఏంటి?

మన దేశంలో ఎక్కువగా మాట్లాడుకున్నది ఢిల్లీ ప్రభుత్వ స్కూళ్ల హ్యాపీనెస్ క్లాస్. 2018 జులైలో దలైలామా చేతుల మీదుగా మొదలైంది. నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజూ ఒక పీరియడ్ ఉండేది. ముందు కాసేపు మైండ్‌ఫుల్‌నెస్, తర్వాత కథలు, చర్చలు, యాక్టివిటీలు. 2020 ఫిబ్రవరిలో ట్రంప్ ఇండియాకు వచ్చినప్పుడు ఆయన భార్య మెలానియా చూడటానికి వెళ్లింది ఈ క్లాస్‌కే. అందరికీ ఆ విజువల్స్ గుర్తుంటాయి. కానీ అందులో అసలు పాయింట్ వేరే. ఆ పీరియడ్‌కు పరీక్ష ఉండేది కాదు, మార్కులు ఉండేవి కావు. స్ట్రెస్ తగ్గించే సబ్జెక్టులో కూడా ర్యాంకులిస్తే ఇంక చెప్పేదేముంది?

అమెరికాలోని బాల్టిమోర్‌లో రాబర్ట్ డబ్ల్యూ. కోల్‌మన్ ఎలిమెంటరీ స్కూల్ ఇంకో పని చేసింది. అల్లరి చేసిన పిల్లలను శిక్షగా డిటెన్షన్‌కు పంపే బదులు ఒక ప్రశాంతమైన గదికి పంపించింది. అక్కడ పెద్దవాళ్లు వాళ్లతో మాట్లాడేవారు, శ్వాస మీద ధ్యాస పెట్టడం నేర్పేవారు, కోపం తగ్గాక క్లాస్‌కు పంపించేవారు. 2016లో ఈ స్కూల్ గురించి ప్రపంచమంతా రాసింది.

ఇప్పుడు రెండో వైపు కూడా చెప్పుకోవాలి. బ్రిటన్‌లో మిరియడ్ పేరుతో చాలా పెద్ద ప్రయోగం జరిగింది. 80కి పైగా స్కూళ్లు, 8 వేల మందికి పైగా పిల్లలు, దాదాపు 11 నుంచి 14 ఏళ్ల వాళ్లు. కొన్ని స్కూళ్లలో టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చి మైండ్‌ఫుల్‌నెస్ క్లాసులు పెట్టారు, మిగతా స్కూళ్లలో మామూలుగా చేసే కార్యక్రమాలే కొనసాగించారు. 2022లో ఫలితాలు బయటికొచ్చాయి. పిల్లల డిప్రెషన్ తగ్గడంలో, మానసిక ఆరోగ్యంలో రెండు గ్రూపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు!

ఇది చూసి "అయితే అంతా వేస్ట్" అనేసిన వాళ్లున్నారు. కానీ వివరాల్లోకి వెళ్తే ఆసక్తికరమైన విషయాలున్నాయి. చాలామంది పిల్లలు క్లాస్ బయట అసలు సాధన చేయలేదు. ఈత గురించి పాఠం విని నీళ్లలో దిగకపోతే ఈత రాదు కదా. అలాగే టీచర్లలో మాత్రం అలసట, విసుగు కొంత తగ్గినట్టు, స్కూల్ వాతావరణం కొంత బాగైనట్టు తేలింది. అప్పటికే మానసికంగా ఇబ్బంది పడుతున్న కొందరు పిల్లలకు ఇది పెద్దగా సరిపడలేదేమో అనే అనుమానం కూడా పరిశోధకులు వ్యక్తం చేశారు.

నాకర్థమైనంత వరకు దీని నుంచి తీసుకోవాల్సింది ఇది. అందరికీ ఒకే మందు అన్నట్టు క్లాస్ మొత్తానికీ బలవంతంగా పాఠంలా చెబితే లాభం తక్కువ. శరీరం కదిలేలా, చిన్నగా, రోజూ, ఇష్టం ఉన్నవాళ్లకు.. అప్పుడు అవకాశం ఎక్కువ. టీచర్ తనే ప్రశాంతంగా ఉంటే అది పిల్లల మీద కనిపిస్తుందనేదీ నమ్మదగ్గ మాటే. ఒక చేత్తో బెత్తం పట్టుకుని "రిలాక్స్" అని అరిచే సార్‌ని చూసి ఎవరు రిలాక్స్ అవుతారు?

మన దగ్గర జరిగే తప్పులు

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. నేను ఇంటర్ చదివిన హాస్టల్లో ఆదివారం పొద్దున ఐదున్నరకు యోగా ఉండేది. మిగతా ఆరు రోజులూ అదే టైమ్‌కి స్టడీ అవర్. యోగా సార్ చివర్లో శవాసనం వేయమనేవారు. రెండు నిమిషాల్లో మా బ్యాచ్ సగం గురక పెట్టేది. వార్డెన్ వచ్చి ఒక్కొక్కరినీ కాలితో తట్టి లేపేవాడు. అప్పట్లో అది పెద్ద జోక్. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వు రావడం లేదు. మాకు కావాల్సింది యోగా కాదు, నిద్ర. టీనేజ్ పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. మేం రాత్రి పదకొండున్నరకు పడుకుని ఐదుకు లేచేవాళ్లం. ఐదున్నర గంటల నిద్ర! ఆ లోటును ఏ ఆసనమూ పూడ్చలేదు. ఏ క్లాస్‌లోనైనా పిల్లలు ధ్యానంలో నిద్రపోతుంటే తిట్టకుండా టైమ్‌టేబుల్ వైపు చూడాలి. అది పిల్లలు ఇస్తున్న రిపోర్ట్.

రెండో తప్పు, షో చేయడం. జూన్ 21 వస్తే అందరూ గ్రౌండ్‌లో ఉంటారు. జూన్ 22న ఎవరూ ఉండరు. 2025లో అంతర్జాతీయ యోగా దినోత్సవం విశాఖ ఆర్కే బీచ్‌లో జరిగింది. ప్రధాని మోదీ వచ్చారు, 3 లక్షల మంది వరకు పాల్గొన్నారు. ముందు రోజు ఆంధ్రా యూనివర్సిటీ గ్రౌండ్‌లో 20 వేల మందికి పైగా గిరిజన విద్యార్థులు సూర్య నమస్కారాలు చేసి గిన్నిస్ రికార్డు కొట్టారు. చూడటానికి కన్నుల పండువే, మేమూ లైవ్ ఇచ్చాం. కానీ ఆ పిల్లలకు ఉపయోగపడేది ఆ ఒక్క రోజు రికార్డు కాదు. వాళ్ల ఆశ్రమ పాఠశాలలో మామూలు మంగళవారం నాడు ఏం జరుగుతుందన్నదే.

మూడోది.. బలవంతం. కళ్లు మూసుకోమంటే కొందరు పిల్లలకు భయం వేస్తుంది. ఇంట్లో హింస చూసిన వాళ్లు, దగ్గరి వాళ్లను పోగొట్టుకున్న వాళ్లు కళ్లు మూసుకోగానే అవే గుర్తుకొచ్చి ఇబ్బంది పడొచ్చు. "కళ్లు మూసుకోవచ్చు, లేదా ముందున్న బెంచీ వైపు చూస్తూ ఉండొచ్చు" అని ఆప్షన్ ఇస్తే చాలు. చేయనన్న వాళ్లను ఊరికే కూర్చోనివ్వాలి.

ఇంకొకటి, వేగంగా గాలి వదిలే కపాలభాతి, భస్త్రిక లాంటివి, ఎక్కువసేపు ఊపిరి బిగబట్టేవి యూట్యూబ్ వీడియో చూసి క్లాస్ మొత్తానికి చేయించడం. ఆస్తమా, ఫిట్స్, గుండె సమస్యలు ఉన్న పిల్లలకు ఇవి ప్రమాదం కావచ్చు. కళ్లు తిరగడం మామూలు పిల్లలకూ జరుగుతుంది. శిక్షణ ఉన్న టీచర్ దగ్గర లేకుండా వీటి జోలికి పోకపోవడమే మంచిది. లంచ్ అయిన వెంటనే వంగే ఆసనాలు కూడా వద్దు.

పీఈటీ పీరియడ్ తీసేసి "దాని బదులు యోగా" అనేవాళ్లు కూడా ఉన్నారు. ఆడుకోవడం కూడా స్ట్రెస్ తగ్గిస్తుంది. కబడ్డీ ఆడి చెమట పట్టిన పిల్లాడికి ధ్యానం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు, వాడు ఆల్రెడీ హ్యాపీ.

మతం గొడవ సంగతేంటి?

ఈ ప్రశ్న మన దగ్గరే కాదు, అమెరికాలోనూ వచ్చింది. అలబామా రాష్ట్రం 1993లో ప్రభుత్వ స్కూళ్లలో యోగాను నిషేధించింది. 2021లో ఎత్తేసింది కానీ "నమస్తే" అనకూడదు, తల్లిదండ్రుల సంతకం కావాలి అని షరతులు పెట్టింది. కాలిఫోర్నియాలోని ఎన్సినిటాస్‌లో కొందరు తల్లిదండ్రులు కోర్టుకు వెళ్తే, అక్కడ స్కూల్లో నేర్పుతున్నది మతబోధన కాదని 2013లో కోర్టు తీర్పిచ్చింది. అప్పీల్‌లోనూ 2015లో అదే తీర్పు నిలిచింది.

మన సుప్రీంకోర్టు ముందుకు ఇందుకు పూర్తి రివర్స్ కేసు వచ్చింది. స్కూళ్లలో యోగా తప్పనిసరి చేయాలని పిటిషన్ వేశారు. స్కూల్లో ఏం చెప్పాలనేది కోర్టులు నిర్ణయించలేవంటూ 2017 ఆగస్టులో దాన్ని కొట్టేసింది. ప్రాక్టికల్‌గా చూస్తే క్లాస్‌లో చేయించే సాగదీతకు, నెమ్మదిగా ఊపిరి తీయడానికి ఏ మంత్రమూ అవసరం లేదు. ఓంకారం ఇష్టమున్నవాళ్లు అంటారు, లేనివాళ్లు ఊరికే గాలి వదులుతారు. అన్ని ఇళ్ల నుంచీ పిల్లలొచ్చే క్లాస్‌లో ఈ మాత్రం పట్టువిడుపు ఉంటే గొడవే రాదు.

యోగా ఒక్కటే చాలదు.. సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. నెత్తిన రాయి పెట్టి "మెడ ఎక్సర్‌సైజ్ చెయ్" అన్నట్టుగా ఉండకూడదు. పిల్లలకు శ్వాస నేర్పి, అదే సాయంత్రం నోటీసు బోర్డులో ర్యాంకుల లిస్ట్ పెట్టి, చివరి పది మంది పేర్లకు ఎర్ర ఇంకుతో గీత గీస్తే ఏం లాభం?

విశాఖపట్నంలో నీట్‌కు ప్రిపేర్ అవుతున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయిన కేసులో ఆమె తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా బెంచ్ ఆ కేసును సీబీఐకి అప్పగిస్తూ, దేశమంతటా విద్యాసంస్థలకు, కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్లకు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చే దాకా ఇవే వర్తిస్తాయని చెప్పింది. కేసు మన ఆంధ్రప్రదేశ్‌దే అయినా, ఇందులో ఏముందో చాలామంది పేరెంట్స్‌కి తెలియదు.

వంద మంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ లేదా సైకాలజిస్ట్ ఉండాలి. అంతకన్నా తక్కువ ఉంటే బయటి నిపుణులతో ఒప్పందం ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందు అవమానించడం, పిల్లల సామర్థ్యానికి మించిన టార్గెట్లు పెట్టడం మానుకోవాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో, క్లాసుల్లో, వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా రాయాలి. పేరెంట్స్‌కీ అవగాహన కల్పించాలి.

ఇప్పుడు అడ్మిషన్ల కోసం తిరుగుతున్న అమ్మానాన్నలు ఏసీ క్లాస్‌రూమ్ ఉందా, కిందటేడు టాప్ టెన్‌లో ఎన్ని ర్యాంకులొచ్చాయి అని అడుగుతారు. దాంతో పాటు ఇవి కూడా అడగండి. మీ కౌన్సెలర్ ఎవరు, ఏం చదువుకున్నారు? పిల్లలు ఆయన దగ్గరికి వెళ్లాలంటే వార్డెన్ పర్మిషన్ కావాలా? రాత్రి లైట్లు ఎన్నింటికి ఆపుతారు? సెక్షన్లు ఏ లెక్కన వేస్తారు? పీఆర్వో సమాధానం తడుముకుంటే మీకు అర్థమైపోతుంది.

మొదలుపెట్టాలనుకునే టీచర్లకు

పెద్ద ప్రోగ్రామ్ అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ముందు రెండు వారాలు మీరే ఇంట్లో రోజూ ఐదు నిమిషాలు చేయండి. మీకు అలవాటు లేనిది పిల్లలతో చేయిస్తే వాళ్లు మొదటి రోజే పట్టేస్తారు. తర్వాత రోజులో ఒకే టైమ్ పెట్టుకోండి. మొదటి పీరియడ్‌కు ముందో, లంచ్‌కు ముందో, స్లిప్ టెస్ట్ పేపర్ ఇచ్చే ముందో. పిల్లలు చేస్తుంటే మీరు అటెండెన్స్ రాసుకోవడం, పేపర్లు దిద్దుకోవడం వద్దు, వాళ్లతో కలిసి చేయండి. "ఎలా అనిపించింది" అని అడగొచ్చు కానీ "బాగుంది కదా" అని అడగొద్దు. ఏమీ అనిపించలేదన్న పిల్లాడు నిజం చెబుతున్నాడు. కనీసం నెల రోజులు చూడండి. సిలబస్ వెనకబడుతుందనే భయం ఉంటే ఒక లెక్క.. రోజుకు ఐదు నిమిషాల చొప్పున నెలలో పాతిక వర్కింగ్ డేస్ అనుకుంటే మొత్తం రెండు గంటల ఐదు నిమిషాలు. మైక్ టెస్టింగ్‌కే అంతకన్నా ఎక్కువ టైమ్ పోయే ఫంక్షన్లు మన కాలేజీల్లో ఉన్నాయి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి?

శ్వాస, ధ్యానం.. మామూలు టెన్షన్‌కు. డిప్రెషన్‌కు వైద్యం కాదు. రెండు వారాలకు పైగా నిద్ర సరిగ్గా లేకపోవడం, తిండి మానేయడం లేదా మరీ ఎక్కువ తినడం, ఇష్టమైన ఆట, ఫ్రెండ్స్ మీద కూడా ఆసక్తి పోవడం, ఊరికే ఏడుపు రావడం, ఊరికే కోపం, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలు, దాచుకున్న వస్తువులు ఇతరులకు పంచేయడం.. వీటిలో ఏది కనిపించినా "ధ్యానం చెయ్ తగ్గిపోతుంది" అనొద్దు. మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. చనిపోవాలనే మాట వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు. సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా వస్తుందనుకోవడం అపోహ. అడిగినప్పుడే చాలామంది మనసు విప్పుతారు.

కేంద్ర ఆరోగ్య శాఖ నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416. 2022 అక్టోబర్ నుంచి పనిచేస్తోంది. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. విద్యార్థులే కాదు, పేరెంట్స్, టీచర్లు, వార్డెన్లు కూడా ఫోన్ చేయొచ్చు. ఈ నంబర్‌ను మీ ఇంట్లో చదువుకునే పిల్లల ఫోన్‌లో ఇప్పుడే సేవ్ చేయండి. హాస్టల్లో ఫోన్ ఉండదు కాబట్టి, నోట్‌బుక్ చివరి పేజీలో పెన్నుతో రాసి పంపండి.